పక్కన ఎవరూ లేని పడవ

మా చెల్లెలి గురించి అచ్చయిన ప్రతి వ్యాసంలోనూ నాకొక వాక్యం దక్కుతుంది: "చెల్లెలి కోసం తన స్థానాన్ని త్యాగం చేసిన అక్క." ఆమె మూడుసార్లు ప్రపంచ పోటీల తుది పందెంలో తెడ్డు వేసింది. ఒకసారి వెండి పతకం తెచ్చింది. అవి నిజాలు. ఆ నిజాల పక్కన ఈ అబద్ధం యాభై రెండేళ్ళుగా కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంది. నేను కాన్వెంటులో చదువుకున్నదాన్ని. దిద్దవలసిన అబద్ధాన్ని దిద్దకుండా వదిలేయడం కూడా అబద్ధమాడడమేనని మాకు అక్కడ చెప్పారు. చెప్పింది ఒక్క పాఠంలోనే. తలకెక్కడానికి నాకు ఒక వేసవి పట్టింది. ఆ వేసవి సంగతి రాస్తున్నాను.

బడి వెనక సరస్సు, ఒడ్డున పడవల షెడ్డు. నాకు పద్దెనిమిదేళ్ళు, బడి జట్టుకు మూడేళ్ళుగా కెప్టెన్ని. చెల్లికి పదహారు. మా గణితం సిస్టరే మాకు రోయింగ్ కూడా నేర్పేవారు. ఆవిడ మెడలో శిలువ పక్కనే స్టాప్‌వాచ్ వేలాడేది. ఆ రెంటిలో దేన్ని ఎక్కువ నమ్మేవారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చెల్లికి తెడ్డు పట్టుకోవడం నేర్పింది నేనే. శిష్యుడు తనను మించిపోతే గురువు సంతోషించాలంటారు. ఆ మాట అన్నవాడెవడో, వాడు గురువు మాత్రం అయి ఉండడు. నేను బలంతో నీటిని వెనక్కి నెట్టేదాన్ని. ఆమె తెడ్డును నీళ్ళలో దించితే నీళ్ళే అడ్డు తొలిగి దారి ఇచ్చినట్టుండేది. నేను చూడలేదని అనుకునేందుకు రెండేళ్ళు ప్రయత్నించాను.

ఆ వేసవి మొదటి వారంలో జాతీయ జట్టు సెలెక్టరు ఒకావిడ వచ్చింది. శిక్షణ శిబిరానికి మా బడి నుండి ఒక్కరినే తీసుకుంటారు. ఆ శిబిరంలో నిలిచినవాళ్ళు విదేశీ పోటీలకు వెళతారు. ఆవిడ మోటారు పడవలో మా పక్కన పది నిమిషాలు తిరిగి, ఒడ్డుకు దిగుతూ చెల్లి వైపు చెయ్యి చాపింది.

"ఆ పొడుగు పిల్ల. ఇంకెవరినీ చూడక్కర్లేదు."

చెల్లి కొత్తగా కొన్న గొడుగులా నిటారుగా నిలబడిపోయింది. నేను అందరికంటె ముందు చప్పట్లు కొట్టాను. కెప్టెన్‌ని గదా.

ఆ సాయంత్రమే సిస్టరుకు ఒక వినతిపత్రం రాశాను, నాలుగు పేజీలు, ఎక్కడా కొట్టివేత లేదు. మూడేళ్ళ కష్టాన్ని పది నిమిషాల చూపుతో తూచడం న్యాయం కాదని, చూపు మోసపోతుందని, గడియారం మోసపోదని, కనుక పరీక్ష పెట్టాలని అందులో ఉంది. చెల్లి పేరు ఎక్కడా రాయలేదు. "మరొక విద్యార్థిని" అని రాశాను.

సిస్టరు అంతా చదివి కళ్ళద్దాలు తీశారు.

"నీ వాదనలో తప్పు లేదు. చోటు మార్పిడి పందెం పెడతాను. సెలెక్టరుకు నేను రాసి ఒప్పిస్తాను. కానీ ఒక్క మాట. పరీక్ష కావాలని అడిగినవాళ్ళు ఫలితం కాదనకూడదు."

"అనను సిస్టర్."

"మీ చెల్లి ఏమంటుంది?"

"న్యాయానికి అది ఎందుకు అడ్డం చెబుతుంది, సిస్టర్?"

చోటు మార్పిడి పందెం మా ఆటలో పాత పద్ధతి. మనిషికొక తెడ్డుతో నలుగురేసి కూర్చునే రెండు పడవలు పక్కపక్కన పందెం వేస్తాయి. తరువాత ఒడ్డుకు రాకుండానే, నీళ్ళ మీదే, పోల్చవలసిన ఇద్దరు మాత్రం ఒకరి చోటులోకి ఒకరు మారతారు. మళ్ళీ అంతే దూరం. మిగిలిన ఆరుగురూ కదలరు కాబట్టి, వచ్చిన తేడా అంతా ఆ ఇద్దరిదే అని లెక్క. ఆ ఆరుగురూ రెండుసార్లూ ఒకేలా లాగుతారన్న నమ్మకం మీదే ఆ లెక్క నిలబడుతుంది.

పందెం ముందురోజు షెడ్డులో తెడ్లు తుడుస్తున్నాం. నా పడవలో నాతో మూడేళ్ళు కూర్చున్న ముగ్గురూ ఉన్నారు. వాళ్ళలో పోస్ట్‌మాస్టరు కూతురు తండ్రి చేరవేసే ఉత్తరాలకంటె వేగంగా వార్తలు చేరవేసేది.

"కెప్టెన్, రేపు రెండో పందెంలో మీ చెల్లెలు మా పడవలోకి వస్తుంది కదా."

"వస్తుంది."

"అప్పటికి మాకు చేతులు నొప్పి పుట్టొచ్చు."

"నాకిప్పుడే పుడుతోంది," అంది రెండో పిల్ల, మోచెయ్యి నొక్కుకుంటూ.

ముగ్గురూ నవ్వారు. నవ్వి, నా మొహం చూశారు. నేను గుడ్డను నూనెలో ముంచి తెడ్డును మొదలు నుంచి చివరిదాకా తుడిచాను, మళ్ళీ చివరి నుంచి మొదలుదాకా తుడిచాను. "అలా చేస్తే మీతో మాట్లాడను" అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి నేను తెడ్డు మీద ఊది, మెరుపు చూసుకున్నాను.

మొదటి పందెంలో మా పడవ ఆరు సెకన్ల తేడాతో గెలిచింది. అందులో వింత లేదు. చెల్లితో ఉన్నవాళ్ళంతా చిన్న తరగతుల పిల్లలు. పడవలను పక్కపక్కన చేర్చారు. మేమిద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని దాటుకున్నాం. ఆమె అరచేతిలో బొబ్బ చితికి తడిగా ఉంది, నా భుజానికి అంటింది.

"జాగ్రత్త అక్కా, ఆ చక్రాల సీటు కొంచెం పట్టేస్తోంది. వెనక్కి జరిగేటప్పుడు చూసుకో," అంది.

రెండో పందెం మొదలైంది. తెడ్డు వేసేవాళ్ళు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. మాకు గమ్యం కనబడదు, దాటి వచ్చిన నీళ్ళే కనబడతాయి. ప్రతి వేటుకూ తెడ్డు ఆకు నీళ్ళలో ఒక సుడిని వదులుతుంది. బాగా లాగితే ఆ సుడి నల్లగా, లోతుగా, గిన్నెలా తిరుగుతూ చాలాసేపు ఉంటుంది. లాగినట్టు నటిస్తే నురగ తేలి చెదిరిపోతుంది. మనిషి ముఖం దాచుకోవచ్చు గాని సుడిని దాచలేదు.

పక్క పడవకు మా వైపున రెండు తెడ్లు. ఒకటి చెల్లిది, ఒకటి పోస్ట్‌మాస్టరు కూతురిది. మొదటి వంద గజాల్లోనే చూశాను. వేటు వేటుకూ రెండు సుడులు వెనక్కి పోతున్నాయి: ఒకటి నల్లని గిన్నె, ఒకటి సబ్బు నురగ. ఒక గిన్నె, ఒక నురగ. చివరిదాకా అంతే. చెల్లి ఒక్కతే నలుగురి పడవను లాగుతోంది. ఏడుపు వచ్చేంత అందంగా లాగుతోంది. అది చూసి నాకు జాలి వేసి ఉండాలి. వేయలేదు. ఒక్కతే అయినా అంత దగ్గరగా ఎలా వస్తోందన్న కోపంతో మరింత గట్టిగా లాగాను.

నేనున్న పడవ రెండు సెకన్లతో గెలిచింది. అంటే నేను ఎక్కిన పడవే రెండుసార్లూ గెలిచింది. గడియారం మోసపోదని రాసింది నేనే.

ఒడ్డున అందరినీ వరసలో నిలబెట్టి సిస్టరు అంకెలు చదివారు. పందెంలో సిస్టరు ఎక్కిన మోటారు పడవ మా వెనక దూరంగా వచ్చింది. ఆవిడ చూపంతా గడియారం మీదే.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

చెల్లి నా వైపు చూసింది. రెండో పందెంలో ఆమె ఆ పడవలోనే కూర్చుంది. పడవ బరువు పడవలో ఉన్నవాళ్ళకు తెలియదా? ఆ చూపులో నింద లేదు. నేనేమైనా అంటానేమోనని ఎదురుచూసింది, అంతే. తరువాత ఆమే ముందుగా అంది.

"లేదు సిస్టర్."

మా అమ్మ బడి యూనిఫారాలు కుట్టేది. ముందు గదిలో మిషను, వెనక గదిలో మా ఇద్దరికీ ఒకే మంచం. సెలెక్టరు చెల్లిని చూపించిన మర్నాడే అమ్మ శిబిరానికి నీలం కోటు కుట్టేసింది. ఇప్పుడు దాన్ని నాకు తొడిగి చూసింది. చేతులు నా వేళ్ళు దాటి వేలాడాయి.

"రెండంగుళాలు కుదించాలే. దీని కొలతకి కుట్టానాయె," అంది నోట్లో గుండుసూదులతో. "ఒక్క కడుపున పుట్టారు. ఒకత్తి నిచ్చెన, ఒకత్తి ముక్కాలిపీట."

"పీట మీద కూర్చోవచ్చు. నిచ్చెన మీద ఎవరు కూర్చుంటారమ్మా," అంది చెల్లి, కోటు చెయ్యిని తనే మడిచి సూది గుచ్చుతూ. అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. ఓడిపోయిన మనిషి గెలిచినదాని కోటు సరిచేస్తూ హాస్యమాడితే, ఆ ఇంట్లో గెలిచింది ఎవరు?

పందెం అయిన నాలుగో రోజు నుంచి మంచంలో ఆమె వైపు తెల్లవారకముందే చల్లబడేది. ఒకనాడు వెనకే వెళ్ళాను. షెడ్డు కాపలాదారును మేము వార్నీషు తాత అనేవాళ్ళం. ఎండిన పడవలకు వార్నీషు పూసీ పూసీ ఆయన గోళ్ళు కూడా తళతళలాడేవి. ఆయన ఒడ్డున బీడీ కాలుస్తున్నాడు. నీళ్ళ మీద చెల్లి, మూలన పడి ఉండే పాత ఒంటి పడవలో. చేతికొక తెడ్డు. జానెడు వెడల్పున్న ఆ పడవ ఊపిరి గట్టిగా పీల్చినా ఒరుగుతుంది. నా కళ్ళముందే బోల్తా పడింది. ఈదుకుంటూ మళ్ళీ ఎక్కింది. మళ్ళీ పడింది.

"ఎందుకిచ్చావు తాతా? మునిగిపోతుంది."

"మునిగితే తేలుతుందిలే. అడిగింది, ఇచ్చా."

"ఏమని అడిగింది?"

తాత పొగ వదిలి నా కళ్ళలోకి చూశాడు. "'పక్కన ఎవరూ ఉండని పడవేదైనా ఉందా తాతా' అని అడిగింది. నేనెందుకని అడగలేదు. నన్నడిగితే చెప్పలేను, నిన్నడిగితే చెబుతావేమో."

"నాకేం తెలుసు?"

"అవునవును. నీకేం తెలుసు, కెప్టెనమ్మవి."

తరువాత వారం రోజులు చెట్ల చాటున నిలబడి చూశాను. ఎనిమిదో రోజుకు పడడం మానేసింది. పదో రోజుకు పడవ పాడింది: సరిగ్గా నడిచే పడవ అడుగున నీళ్ళ బుడగలు ఒక సన్నని చప్పుడు చేస్తాయి, ఆ చప్పుడును మేము పాట అంటాం. నా పడవ మూడేళ్ళలో నాలుగైదుసార్లు పాడి ఉంటుంది. ఆమెది ఆ పొద్దున ఒడ్డు నుంచి ఒడ్డుకు ఆగకుండా పాడింది. రెండు పక్కలా రెండు నల్లని గిన్నెలు, ఈ చివర నుంచి ఆ చివరదాకా, దారం పెట్టి గుచ్చినట్టు.

గెలిచినదాన్ని నేను. కోటు నాది, శిబిరం నాది. అయినా ఆమె చేతులంటే అసూయ, భుజాలంటే అసూయ, అన్నిటికంటె ఆమె ఓపిక అంటే అసూయ. ఒక్కసారైనా తిట్టి ఉంటే నేను ఊపిరి తీసుకునేదాన్ని. మంచివాళ్ళతో ఒకే మంచం మీద పడుకోవడం ఎంత కష్టమో పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

పదకొండో రోజున సిస్టరు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ లెక్కల పుస్తకాలు దిద్దుతున్నారు.

"సిస్టర్, రెండో పందెంలో నా స్నేహితురాళ్ళు తెడ్లు లాగలేదు. నేను సుడులు చూశాను."

కలం ఆగింది. "ఎప్పుడు చూశావు?"

"పందెం జరుగుతున్నప్పుడే."

"అభ్యంతరం ఉందా అని నేను అడిగిన తరువాతా, ముందా?"

"ముందే సిస్టర్."

ఆవిడ కలానికి మూత పెట్టారు. నేను నిటారుగా నిలబడ్డాను. సిగ్గుతో పాటు, దాచడమెందుకు, కొంచెం గర్వంగా కూడా ఉంది. ఇప్పుడిక మంచిదాన్ని నేనే అనుకున్నాను. స్థానం చెల్లికి నా చేతుల మీదుగా వెళుతుంది, ఆమె ఓపిక పాతబడిపోతుంది, నా నిజాయితీ కొత్తగా మెరుస్తుంది. ఆ వ్యాసాలవాళ్ళు త్యాగం అంటున్నది దీన్నే.

సిస్టరు ఆనాడే సెలెక్టరుకు ఉన్నదున్నట్టు రాశారు. వారంలో జవాబు వచ్చింది. పరీక్షలో మోసం జరిగిన బడి నుంచి ఈ ఏడాది ఎవరినీ తీసుకోరు. ఆ స్థానం మరో ఊరి అమ్మాయికి ఇచ్చేశారు.

ఇలా అవుతుందని నాకు తట్టనే లేదు. కెప్టెన్సీ తీసేశారు, ఆ ముగ్గురినీ జట్టు నుంచి పంపేశారు, అవి న్యాయమే. కాని ఏ తప్పూ చెయ్యనిది కూడా మాతోపాటు పోయింది. ఇంటికి వచ్చి వెనక గదిలో చెల్లికి చెప్పాను. బట్టలు మడతపెడుతున్నదల్లా ఆగిపోయింది.

"నిన్నెవరు చెప్పమన్నారు?"

"తప్పు కదా. నిజం చెప్పాలి కదా."

"అప్పుడు లేని నోరు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?" ఆమె గొంతు పెద్దది కాదు, ఆ రోజు మిషను చప్పుడును దాటి వినపడింది. "అప్పుడు నోరు మూసుకున్నదీ నీ కోసమే. ఇప్పుడు తెరిచిందీ నీ కోసమే. నన్నొక్కసారి అడిగావా? నలుగురి మధ్యా నా అంతట నేను లేదన్నాను కదా, ఆ మాటకైనా విలువిచ్చావా?"

ముందు గదిలో మిషను ఆగింది. అమ్మ గుమ్మంలోకి వచ్చింది, చేతిలో నీలం కోటు.

"ఏమిటే? ఇప్పుడు మళ్ళీ చేతులు విప్పమంటారా? ఇది కోటా, మడత మంచమా?"

ఎవరూ నవ్వలేదు. అమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, కోటు పెట్టెలో పెట్టి మూత వేసింది. ఆ రోజు నుంచి చెల్లి నాతో మాట్లాడడం మానేసింది. ఒకే మంచం మీద, మధ్య ఒక చెయ్యి పట్టేంత ఖాళీ వదిలి, అయిదు వారాలు.

ఆ ఏడాది ఒంటి పడవ విభాగానికి మాత్రం బహిరంగ పరీక్ష ఉంది. ఏ బడి అని అడగరు, సిఫారసు అక్కర్లేదు. పడవ ఉన్నవాళ్ళు ఎవరైనా రావచ్చు. ఒక్కొక్కరే రెండు వేల మీటర్లు. అందరిలోకీ తక్కువ కాలం తీసుకున్న ఒక్కరినే జట్టులోకి తీసుకుంటారు. సిస్టరు దరఖాస్తు పంపారు. వేసవి చివరి వారంలో వార్నీషు తాత పాత పడవను లారీ మీదకు ఎక్కించి, పక్కన దుప్పట్లు కుక్కి కట్టాడు. అమ్మ నన్ను కూడా ఎక్కమంది. "అది మాట్లాడకపోతే మానె. సంచి మోసేవాళ్ళు కావాలి," అంది.

పరీక్ష జరిగేది పెద్ద ఆనకట్ట వెనక జలాశయంలో. ఒడ్డుకు దూరంగా నీళ్ళ మీద ఒక చెక్కబల్ల కట్టి ఉంది. పందెం మొదలయ్యే చోట ఒక మనిషి ఆ బల్ల మీద బోర్లా పడుకుని పడవ తోకను రెండు చేతులతో పట్టుకోవాలి, గాలికి పక్కకు పోకుండా. జెండా దిగిన క్షణంలో వదలాలి. ముందు వదిలితే పడవ ఒంకరపోతుంది, ఆలస్యంగా వదిలితే మొదటి వేటు చచ్చిపోతుంది. ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి.

తాత చొక్కా విప్పబోయాడు.

"నువ్వొద్దు తాతా," అంది చెల్లి. "దాన్ని పట్టుకోమను."

ఆయన బీడీ జారిపోయింది. "దాన్నా? దొంగ చేతికి తాళాలిస్తావుటే?"

"అంతకంటె బాగా తాళం సంగతి ఇంకెవరికి తెలుసు?"

నవ్వుతూ అందో, లేదో నేను చూడలేదు. అప్పటికే పడవ వైపు తిరిగింది.

బల్ల మీద బోర్లా పడుకున్నాను. తడి చెక్క పొట్టకు చల్లగా తగిలింది. పడవ తోక నా రెండు అరచేతుల మధ్య, బతికి ఉన్నదానిలా సన్నగా వణుకుతోంది. చెల్లి ముఖం నాకు ఎదురుగా, మంచం పొడవంత దూరంలో. ముఖాముఖిగా చూసుకుని అయిదు వారాలైంది. గాలికి పడవ ముక్కు పక్కకు జరిగింది.

"కొంచెం ఎడమకి," అంది.

తోకను సరిచేశాను. జెండా పైకి లేచింది.

అర సెకను. కావాలని పట్టుకుంటే ఎవరికీ తెలియదు. వేళ్ళు తడిగా ఉన్నాయనవచ్చు, జెండా సరిగా కనబడలేదనవచ్చు. అనవలసిన మాటలన్నీ కొట్టివేతలు లేకుండా నా బుర్రలో వరసగా వచ్చి నిలబడ్డాయి. నా అసూయ ఆ ఉదయం ఎక్కడికీ పోలేదు. నా చేతుల్లోనే ఉంది, ఆమె పడవతో పాటు. ఆమె జెండాను చూడడం లేదు. నన్ను చూస్తోంది.

జెండా దిగింది. వదిలాను.

పడవ నా చేతుల్లోంచి లాక్కున్నట్టుగా పోయింది. ఆమె ముఖం నా వైపే ఉండి చిన్నదవుతూ వచ్చింది: ముఖం, ఆపైన ఒక మచ్చ, ఆపైన రెండు తెడ్ల మెరుపు. అటూ ఇటూ నల్లని గిన్నెలు తిరుగుతూ ఉండిపోయాయి. అవి చదునయ్యేదాకా నేను లేవలేదు.

పదమూడు మంది పూర్తయ్యాక ఫలితం చెప్పారు. తాత నీళ్ళలో మోకాళ్ళదాకా పరిగెత్తుకుంటూ వచ్చాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త సందు పెట్టి చూపించాడు.

"ఎంత?"

"నాలుగు పదోవంతులే! ఒక్క సెకనులో నాలుగు పదోవంతులు! రెండో పిల్లకీ దీనికీ మధ్య అంతే! మన పిల్లే మొదలు!"

అర సెకను కంటె తక్కువ. నేను నా చేతులను చీరకుచ్చెళ్ళలో దాచుకున్నాను, ఎవరైనా వాటిని చూస్తున్నారేమో అని.

చెల్లి ఒడ్డుకు వచ్చింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. జుట్టు పిండుకుంది, తెడ్లు తాతకు ఇచ్చింది. పడవను నీళ్ళలోంచి తీసి లారీదాకా మొయ్యాలి. అది ఇద్దరి పని.

"అక్కా, ఆ కొస ఎత్తు," అంది.

ఎత్తాను. ఆమె ముందు, నేను వెనక. దారంతా నీళ్ళు కారి నా మెడలోకి దిగాయి. ఆమె వీపు చూస్తూ నడిచాను. ఆ భుజాలంటే అసూయ అప్పుడూ ఉంది, ఇప్పటికీ ఉంది. కాని ఆ పడవలో నా సగం వంతును వీసమెత్తు తగ్గకుండా మోశాను.